కార్తెలు మారలేదు, పురుగుల కాలము మారినది



మృగశిర కార్తె ఏటేటా జూన్ 8వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. మన తాతల నాడు అట్లే ప్రవేశించెను, నేడును అట్లే. కార్తెలు సూర్యుని నడకను బట్టి ఏర్పడినవి గనుక వాటికి తప్పిపోవుట యనునది లేదు. విత్తుట, నాటుట, కలుపు తీయుట, తుదకు మందు చల్లుట కూడ మనవారు వీటిని బట్టియే చేయుచు వచ్చిరి. మిరుగములో విత్తిన చేనికి ఏ కార్తెలో పురుగు పడునో, ఏ కార్తెలో నాటిన వరికి చీడ తక్కువగ నుండునో చెప్పగల పెద్దలు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారి అనుభవము ఊరక పుట్టినది కాదు. చాల కాలము వానలు ఇంచుమించు ఒకే తీరున పడినందున, పురుగులును ఇంచుమించు ఒకే వేళకు వచ్చినందున అది నిలిచినది.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమనగా, కార్తె తేదీ మారలేదు గాని ఆ కార్తెలో పడు వానయు, కాయు వేడియు మారినవి. పురుగునకు కార్తె తెలియదు. తన ఒంటికి తగిలిన వేడియు, ఆకు మీది తడియు మాత్రమే దానికి తెలియును. కనుక మనము తేదీని చూచి మందు కొట్టు నాటికి పురుగు ముందే వచ్చి కాయ లోపలికి చేరియుండవచ్చును, లేక ఇంకను రాకయే యుండవచ్చును. రెండు విధములను నష్టము రైతుదే. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపట్ల గల పత్తి చెలకలను, చెరువుల క్రింది వరి మళ్లను దృష్టిలో నుంచుకొని ఈ సంగతిని కొంత వివరముగా తెలిసికొందము.

పురుగు వేడిని లెక్కించు తీరు

మనుష్యులకు, పశువులకు ఒంటి వేడి లోపలి నుండి పుట్టును. చలికాలమైనను ఎండకాలమైనను దూడ పెరుగు వేగము ఇంచుమించు ఒకటే. పురుగు అట్లు కాదు. బయట ఎంత వేడి యుండునో దాని ఒంటి వేడియు ఇంచుమించు అంతే. చల్లగా నున్న దినమున అది మెల్లగా తిని మెల్లగా పెరుగును. ఒక మేరకు మించి చల్లబడినచో దాని ఎదుగుదల ఆగిపోవును. ఆ మేరకు పైన ఎన్ని డిగ్రీల వేడి యుండునో, అంత ఆ దినమున పురుగు ఖాతాలో జమయగును. కావలసినంత జమ కూడిన నాడు గ్రుడ్డు రెక్కల పురుగై యెగురును. శాస్త్రజ్ఞులు దీనిని డిగ్రీ-దినముల లెక్క యందురు.

మొక్కజొన్నకు పట్టు కత్తెర పురుగునే ఉదాహరణగా తీసికొందము. అమెరికా ఖండమునకు చెందిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో కనబడి, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతమున బయటపడి, ఆ సంవత్సరమే తెలంగాణకు చేరినది. సుమారు 12½ డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువను దీని ఎదుగుదల నిలిచిపోవును. గ్రుడ్డు నుండి రెక్కల పురుగు వరకు దీనికి సుమారు 390 డిగ్రీ-దినములు కావలెను.

ఇక లెక్క చూడుడు. డిసెంబరులో ఒక దినమున పగటి గరిష్ఠము 30 డిగ్రీలు, రాత్రి కనిష్ఠము 15 డిగ్రీలు అనుకొందము. సగటు 22½. అందు 12½ తీసివేయగా 10 మిగులును. దినమునకు 10 చొప్పున జమయైనచో 390 నిండుటకు 39 దినములు పట్టును. ఇప్పుడు పగటి వేడి అంతే యుండి, మబ్బు పట్టుటవలన రాత్రి 19 డిగ్రీలకు మించి దిగలేదనుకొనుడు. సగటు 24½, జమ 12. తరము పూర్తియగుటకు 32 లేక 33 దినములే చాలును. యాసంగి మొక్కజొన్న చేనిలో నుండు 120 దినములలో మొదటి లెక్క ప్రకారము మూడు తరములు పుట్టును. రెండవ లెక్క ప్రకారము నాల్గవ తరము కూడ సగము దాటి పెరుగును.

ఒక్క తరము హెచ్చినంత మాత్రమున ఏమగునని యనుకొనవలదు. ఆడ పురుగు వేయికి పైగా గ్రుడ్లు పెట్టును. అందులో పదియే బ్రతికి, వాటిలో ఐదు ఆడవియైనను, తరము తరమునకు సంఖ్య ఐదు రెట్లగును. చివరి తరమే చేనును ముంచును.

ఇందు గమనింపదగినది పగటి ఎండ కాదు, రాత్రి వెచ్చదనము. చలికాలపు రాత్రి చల్లదనము పురుగునకు పగ్గము వంటిది. అది వదులైన ఏడు పురుగు పరుగెత్తును.

భారతదేశపు సగటు ఉష్ణోగ్రత 1901 నుండి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీ పెరిగినదని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించిన నివేదికలో గలదు. ముప్పాతిక డిగ్రీ కూడ లేదే, దీనికింత మాట యెందుకని మీరు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. పై లెక్క ప్రకారము సగటు 27 డిగ్రీలున్న కాలమున 0.7 డిగ్రీ హెచ్చినచో కత్తెర పురుగు తరమునకు తగ్గునది ఒక్క దినము మాత్రమే. రైతును దెబ్బతీయునది ఈ సగటు కాదు. వేడెక్కిన గాలి ఎక్కువ నీటిని మోయును. అందువలన వాన పడిన నాడు కుంభవృష్టిగ పడుట, పడని నాడు వారముల తరబడి ఎండగట్టుట అధికమగుచున్నవి. 2023 జూలై 27న ఉదయముతో ముగిసిన ఇరువది నాలుగు గంటలలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము పడినది. తెలంగాణలో సంవత్సరమంతయు పడు సగటు వర్షము సుమారు 900 మిల్లీమీటర్లు. అనగా ఏడాది వానలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క దినములో కురిసినదన్నమాట. పంటల వేళలు తారుమారు చేయునది, పురుగులకు అదను కల్పించునది ఇట్టి వంకర నడకయే.

వేడి పెరిగిన కొలది అన్ని పురుగులును పెరుగుననుట కూడ సరి కాదు. వేడికి క్రింది మేర యున్నట్లే పై మేరయు కలదు. మన వేసవిలో 42, 43 డిగ్రీల ఎండకు బయట నున్న గ్రుడ్లు, పిల్ల పురుగులు అనేకము మాడి చచ్చును. 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు వరి, గోధుమ, మొక్కజొన్నలను గూర్చి వేసిన అంచనాలో, ప్రపంచపు వేడి ఒక డిగ్రీ పెరిగినపుడెల్ల పురుగుల వలన కలుగు నష్టము నూటికి 10 నుండి 25 పాళ్లు హెచ్చునని తేలినది. అయితే ఆ హెచ్చుదల చలి దేశములలోనే ఎక్కువ. మన వంటి వేడి దేశములలో కొన్ని పురుగులు ఇప్పటికే తమ పై మేరకు దగ్గరగా నున్నవి. కనుక మనకు భయము వేసవిలో కాదు. ఆలస్యపు వానాకాలములోను, చలి తగ్గిన యాసంగిలోను ఉన్నది.

వరిలో ఉల్లికోడు

ఈ మాటకు మన ప్రాంతమున ఉల్లికోడు కంటె మంచి నిదర్శనము లేదు. వరంగల్ ప్రాంతము మొదటి నుండియు ఉల్లికోడుకు పేరుపడినది. వరంగల్ పరిశోధన స్థానమున వెలువడిన డబ్ల్యు 1263 అను వరి రకము ఈ పురుగును తట్టుకొను గుణమునకు ప్రసిద్ధి చెంది, ఇతర రాష్ట్రములలో కూడ కొత్త రకములను పుట్టించుటకు వాడబడినది. దాని జన్మకు కారణమైన రకములలో ఈశ్వరకోర ఒకటి. శత్రువు ఇంటి ముందే యున్నందున మందు కూడ ఇక్కడనే వెదకవలసి వచ్చినది.

ఉల్లికోడు తల్లి పురుగు చూచుటకు దోమ వలె నుండి ఎర్రని పొట్ట కలిగియుండును. ఆకుల మీద గ్రుడ్లు పెట్టును. మూడు నాలుగు దినములలో గ్రుడ్డు పగిలి సన్నని పిల్ల పురుగు బయటికి వచ్చును. దానికి కాళ్లు లేవు. ఆకు మీద మంచు గాని తుంపర గాని పలుచని నీటి పొరగా నిలిచియున్నచో, ఆ తడిలో జారుచు ప్రాకి పిలక మొవ్వులోనికి చేరును. ఆకు పొడిగా నున్నచో దారిలోనే ఎండి చచ్చును. మొవ్వుకు చేరిన పురుగు అక్కడ తినుచుండగా, ఆ పిలక ఆకుగా విచ్చుకొనక ఉల్లికాడ వలె తెల్లని గొట్టముగ మారును. ఆ పిలకకు ఇక వెన్ను రాదు. ఒక తరము ఇంచుమించు మూడు వారములలో ముగియును.

ఈ జీవిత చరిత్ర తెలిసినవారికి మిగిలినది తేలికగా బోధపడును. పిల్ల పురుగు బ్రతుకుట ఎండ మీద గాక ఆకు తడి మీద ఆధారపడియున్నది. మబ్బు పట్టి, రోజుల తరబడి తుంపర పడుచు, గాలిలో తేమ నిండియున్న కాలము దానికి పండుగ. పైరు పిలకలు తొడుగు దశలో మాత్రమే దానివలన నష్టము. అంకురము ఏర్పడిన పిదప అది ఏమియు చేయలేదు.

ఇప్పుడు వాన ఆలస్యమైన సంవత్సరమును తలచుకొనుడు. మృగశిర, ఆరుద్రలు పొడిగా గడచును. పుష్యమిలో గాని చెరువులో నీరు చేరదు. జూలైలో పడవలసిన నాట్లు ఆగస్టు నడిమికి, కొన్నిచోట్ల చివరకు పోవును. ఈలోగా బోరుబావుల క్రింద ముందు నాటిన మళ్లలోను, గట్ల మీది గడ్డిలోను ఉల్లికోడు రెండు మూడు తరములు పెరిగియుండును. పుబ్బ, ఉత్తర కార్తెలలో ముసురు పట్టు నాటికి మీ ఆలస్యపు నాటు సరిగా పిలకల దశలో నుండును. ముందు నాటిన పొరుగువాని మడిలో పురుగు పెరిగి, వెనుక నాటిన మీ మడిని తినును. ఇందు మీరు చేసిన పొరపాటేమియు లేదు. వాన మూడు వారములు వెనుకబడినది, అంతే.

కావున వాన కొరకు కాచుకొని కూర్చుండుట కంటె నాటు వేళను వీలయినంత మన చేతిలోనికి తెచ్చుకొనుట మేలు. దేవాదుల ఎత్తిపోతల నీరు చేరు ఘన్‌పూర్ జలాశయము క్రింది రైతులును, బావి వసతి గల రైతులును నారుమడి వరకైనను ముందుగ పోసికొనవచ్చును. ఒక ఆయకట్టు క్రింది వారందరును రెండు మూడు వారముల లోపల నాట్లు ముగించునట్లు మాట్లాడుకొన్నచో పురుగునకు ఒక మడి నుండి మరియొక మడికి పోవు వంతెన తెగును. ఇది మందు కంటె గట్టి పని. కాని ఒంటరిగ చేయునది కాదు.

ఎంత చేసినను నాటు ఆలస్యము తప్పనిచో, సాంబ మసూరి వంటి రకమును ఆ సంవత్సరమునకు మానుకొనవలెను. దాని బియ్యమునకు ధర యున్నమాట నిజమే గాని ఉల్లికోడును అది ఏమాత్రము ఓర్వలేదు. వరంగల్ పరిశోధన స్థానమువారి సిద్ధి (డబ్ల్యు.జి.ఎల్. 44), కావ్య (డబ్ల్యు.జి.ఎల్. 48684) వంటివి ఈ పురుగును తట్టుకొనుటకై రూపొందినవి. అయితే ఒకే తట్టుకొను రకమును ఊరంతయు ఏండ్ల తరబడి వేసినచో, దానిని దాటగల పురుగు పుట్టును. వరంగల్ ప్రాంతపు ఉల్లికోడు ఇట్లే మారి, వేరు తెగగ గుర్తింపబడినది. రెండు మూడేండ్లకొకసారి రకము మార్చుట మంచిది. యూరియాను ఒకేసారి గుమ్మరింపక మూడు దఫాలుగ వేయవలెను.

గొట్టములు నూటికి ఐదు పిలకలకు మించినపుడే మందును గూర్చి ఆలోచింపవలెను. దానికి ముందు మరియొక పని కలదు. పది గొట్టములను పెరికి గోటితో చీల్చి చూడుడు. లోపలి పురుగు ఉబ్బి, దానిలో చిన్న చిన్న గింజల వంటివి గుంపుగ కనబడినచో, అవి ప్లాటిగాస్టర్ అను మిక్కిలి చిన్న కందిరీగ పిల్లలు. అవి ఉల్లికోడును లోపలి నుండి తినివేయును. పదింటిలో ఐదారు గొట్టములు ఇట్లున్నచో మందు చల్లుట మన కాపలాదారునే కొట్టుట యగును. కనబడుచున్న గొట్టము మందువలన తిరిగి పిలక కానేరదని కూడ జ్ఞాపకముంచుకొనవలెను. సీజను చివర తెల్లని గొట్టములను చూచి మందు కొట్టువారి ధనము వ్యర్థము.

పత్తి: 1997 నాటి అనుభవము

వాతావరణము, పురుగు, మందు, అప్పు నాలుగును కలిసినపుడు ఏమగునో వరంగల్ జిల్లాకు చెప్పవలసిన పని లేదు. 1997 పసిఫిక్ మహాసముద్రమున బలమైన ఎల్‌నినో ఏర్పడిన సంవత్సరము. ఇక్కడ వానలు అదను తప్పినవి. పిదప పంట ముదిరిన కాలమున అకాల వర్షములు, మబ్బులు పట్టినవి. అంతవరకు పత్తికి పెద్ద శత్రువుగ ఎవరును ఎంచని పొగాకు లద్దెపురుగు విరుచుకుపడినది. దీని గ్రుడ్లు గుంపుగ నుండును. పిల్ల పురుగులు లేతవి, ఎండకు త్వరగా మాడును. మబ్బులో అవి మాడవు. నేల తడిగా నున్నందున లోతుకు పోయి కోశస్థ దశ గడుపుట వాటికి సులభము. కొట్టిన మందును వాన కడిగివేయును. పైగా పురుగులు అప్పటికే అనేక మందులకు అలవాటుపడియున్నవి. రైతులు మందుపై మందు మార్చి కొట్టిరి. ఆ మందులలో పెక్కు అరువుకు తెచ్చినవి. 1997-98లో ఈ జిల్లాలో అనేకమంది పత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి.

పురుగు ఒక్కటే వారిని చంపినదనుట తప్పు. వాన పురుగును తెచ్చినది, అలవాటుపడిన పురుగు మందును ఓడించినది, మందు అప్పును పెంచినది. ఈ గొలుసులో రైతు తన చేతితో తెంపగల కొక్కెము ఒక్కటే కలదు. అది ఫలితము లేని మందును కొట్టకుండుట.

ఘన్‌పూర్ ప్రక్క పల్లెలో పత్తి చేనిలో నిలిచి మాట్లాడుచుండగా ఒక పెద్దాయన, “సారూ, మొగులు సూసి మందు కొట్టాల్నా, పురుగును సూసి కొట్టాల్నా?” అని నన్నడిగెను. మొగులును చూచి చేనిలోనికి పోవలెను, పురుగును చూచి మందు కొట్టవలెను అని చెప్పితిని. మొగులు హెచ్చరిక మాత్రమే.

గులాబిరంగు పురుగు

నేటి పత్తికి అసలు శత్రువు ఇదే. బి.టి. పత్తికి 2002లో అనుమతి వచ్చినపుడు కాయతొలుచు పురుగుల బాధ తీరెననుకొంటిమి. కొన్నేండ్లు తీరినది కూడ. తరువాత గులాబిరంగు పురుగు ఆ విషమునకు అలవాటుపడినది. దీనికి వాతావరణము కారణము కాదు. అయితే అలవాటుపడిన ఈ పురుగునకు ఏడాది పొడవున కూడు పెట్టుచున్నది మాత్రము అదను తప్పిన వానయే. ఎట్లనగా:

వాన నిలకడ లేని సంవత్సరమున ఒకే ఊరిలో పత్తి మూడు తడవలుగ విత్తబడును. జూన్ మొదట ఒక జల్లుకు ఆశపడి విత్తినవారు కొందరు. మొలక ఎండిపోగా తిరిగి విత్తినవారు కొందరు. జూలై నడుమ గట్టి వాన పడిన పిదప విత్తినవారు మరికొందరు. గులాబిరంగు పురుగునకు పూమొగ్గ, పువ్వు, లేత కాయ కావలెను. ఒకేసారి విత్తిన ఊరిలో పూత ఒకేసారి వచ్చి పోవును. మూడు తడవలుగ విత్తిన ఊరిలో ఒక చేను పూత ముగియు నాటికి ప్రక్క చేను పూత కట్టును. పురుగునకు ఆకలి యనునది లేదు. ఇక అక్టోబరు, నవంబరులలో ఆలస్యపు వాన పడినచో ముదిరిన చేను మరల చిగిర్చి పూయును. నాలుగు బస్తాల పత్తి వచ్చునను ఆశతో రైతు దానిని ఫిబ్రవరి వరకు ఉంచును.

చల్లని ఏడు ఈ పురుగు పొద్దు తగ్గి చలి పెరిగిన పిదప గింజలోనో, నేల మీది చెత్తలోనో చుట్టుకొని నిద్రించును. వెచ్చని యాసంగిలో, చేనిలో పచ్చికాయ యున్నంత కాలము, చాల పురుగులకు నిద్రింపవలసిన అవసరమే కలుగదు. అట్లు సాగివచ్చిన పురుగే వచ్చే వానాకాలపు తొలి పూతను పట్టును. మీ ఈ ఏటి చివరి నాలుగు బస్తాలు వచ్చే ఏటి పంటకు పెట్టిన అప్పు.

గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల పురుగు రెండు గంటల లోపే కాయలోనికి దూరును. దూరిన రంధ్రము పూడిపోవును. పైకి కాయ నిగనిగలాడుచుండును. లోపల నున్న పురుగునకు ఏ మందును తగులదు. అందువలన దీని విషయమున కనిపెట్టుటయే ముఖ్యము.

విత్తిన 45 దినముల నుండి ఎకరమునకు రెండు లింగాకర్షక బుట్టలు పెట్టవలెను. ప్రతి ఉదయము పడిన మగ పురుగులను లెక్కించి పారవేయవలెను. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడినచో హద్దు దాటినదని యెరుగవలెను. పూత దశలో విచ్చుకొనక ముడుచుకొనియున్న గుడ్డిపూలను ఏరి కాల్చివేయవలెను. కాయ దశలో వారమునకొకసారి చేను నాలుగు మూలల నుండియు నడుమ నుండియు ఇరువది లేత పచ్చికాయలు కోసి చీల్చవలెను. అందు రెండు కాయలలో బ్రతికియున్న పురుగులు కనబడినచో అప్పుడు మందు కొట్టవలెను. తొలి దశలో 1500 పి.పి.ఎం. వేపనూనెను లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి చల్లుట చాలును. తరువాతి మందును దుకాణదారుని అడుగక మండల వ్యవసాయాధికారిని గాని, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రమును గాని, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమును గాని అడుగవలెను. సింథటిక్ పైరిత్రాయిడు మందులను తొందరపడి వాడినచో తెల్లదోమ పెరుగును.

విత్తుటకు 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడువరకు ఓపిక పట్టవలెను. తొలి జల్లుకు విత్తి మొలక పోగొట్టుకొనుట విత్తన ఖర్చు మాత్రమే కాదు, ఊరి పూతను చీల్చుట కూడ. జూలై 20 దాటినచో పత్తి మానుకొని కంది, ఆముదము వంటివి చూచుకొనుట మేలు. డిసెంబరు చివరకు పత్తిని తీసివేయవలెను. తీసివేయుటకు ముందు గొర్రెల మందను చేనిలో తోలినచో మిగిలిన కాయలను అవి మేయును. పత్తికట్టెను ఇంటి వెనుక కుప్ప వేయుట మన ఊళ్లలో వాడుక. కుప్పలోని ఎండుకాయలలో పురుగు సుఖముగ వేసవి గడుపును. కట్టెను యంత్రముతో ముక్కలు చేసి నేలలో కలియదున్నుట ఉత్తమము.

మిగిలిన పురుగులు

రసము పీల్చు పురుగులను గూర్చి కొద్దిగా చెప్పి ముగింతును. వానకు వానకు నడుమ మూడు వారములు ఎండగట్టినచో పచ్చదోమ, తామర పురుగులు, నల్లి పెరుగును. గట్టి వాన పడినచో చాలవరకు కొట్టుకొనిపోవును. కావున వాన రేపో మాపో యన్నపుడు వీటికి మందు కొట్టుట దండుగ. మిరపకు 2021-22లో గుంటూరు, ఖమ్మము, వరంగల్ ప్రాంతములలో పూలలో చేరి తోటలను దున్నివేయునంత నష్టము కలిగించిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియాకు చెందినది. ఇండియాలో తొలుత 2015లో బెంగుళూరులో బొప్పాయి మీద కనబడినది. ఇట్టి కొత్త పురుగు వచ్చినపుడెల్ల వాతావరణ మార్పునే నిందించుట కొందరికి అలవాటైనది. నాకది సమ్మతము కాదు. పురుగును తెచ్చునది రవాణా కావచ్చును, పెంచునది ఊరంతయు ఒకే పంట వేయుట కావచ్చును, శత్రుకీటకములను చంపిన మన మందే కావచ్చును. వాతావరణము నెపముగా మారినచో మనము దిద్దుకొనగలవి కూడ దిద్దుకొనము.

గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుట వలన కలుగు మార్పు మరియొకటి. 1958లో పదిలక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లున్న ఈ వాయువు నేడు 420 దాటినది. ఇది హెచ్చిన గాలిలో పెరిగిన ఆకులో నత్రజని పాలు తగ్గును. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో 550, 700 పాళ్ల గాలిలో ఆముదము మొక్కలను పెంచి ఆ ఆకులను పొగాకు లద్దెపురుగునకు, ఆముదపు దాసరి పురుగునకు మేపి చూచిరి. పసలేని గడ్డి తిను గొడ్డు ఎక్కువ మేసినట్లు, ఆ పురుగులు ఎక్కువ ఆకు తినినవి.

వ్రాసియుంచుట

మా వంటివారు వేయు లెక్క జిల్లాకో మండలానికో సరిపడునే గాని, మీ చెలకకు సరిగా అతుకదు. ఘన్‌పూర్‌లో పడిన వాన నాలుగు మైళ్ల దూరమున పడకపోవచ్చును. ఆ లోటును తీర్చునది మీ నోటు పుస్తకమే. నిలువు గోడలు గల డబ్బానొకదానిని చెట్ల నీడ లేని చోట కట్టి, ఉదయము ఎనిమిదిన్నరకు అందులోని నీటిని స్కేలుతో కొలిచినచో ఎన్ని మిల్లీమీటర్లు పడెనో తెలియును. పగటి గరిష్ఠము, రాత్రి కనిష్ఠము మండలములోని స్వయంచాలక వాతావరణ కేంద్రము వలన తెలియును. వీటి ప్రక్కన విత్తిన తేదీ, బుట్టలో పడిన పురుగుల సంఖ్య, వంద పిలకలలో గొట్టముల సంఖ్య, కొట్టిన మందు, దాని ఖర్చు వ్రాయవలెను. కార్తె పేరు కూడ వ్రాయుడు. మూడేండ్ల పుస్తకము చేతిలో నున్న రైతు, ఏ కార్తె మాట ఇంకను నిలిచినదో ఏది తప్పినదో తానే చెప్పగలడు.

మీ ఊరిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఇట్టి పుస్తకము నడిపినను చాలును. ఈ వానాకాలమున మీ చేనిలో తొలి గుడ్డిపువ్వు కనబడిన తేదీ, అప్పటికి విత్తి ఎన్ని దినములైనదియు, అంతకు ముందు పదునైదు దినములలో పడిన వానయు ఒక కార్డు మీద వ్రాసి, పత్తి తీసివేసిన పిదప సంక్రాంతి లోపల మండల వ్యవసాయాధికారికి అందజేయుడు. వచ్చే ఏటి విత్తుటకు ముందు జరుగు రైతు శిక్షణలో ఆ తేదీలను వరుసగ పెట్టి చూతము.